అమ్మాయి తన ట్యాక్స్ తనే ఫైల్ చేసింది, ఇంట్లో మాటలు ఆగిపోయాయి

డాలస్ దగ్గర ఉంటున్న ఒక తల్లి 2026 మార్చి మూడో వారంలో రాసిన ఉత్తరమిది. పేరు వెయ్యొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి విషయం మాత్రం ఇస్తున్నాను.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులే. గ్రీన్‌కార్డు వచ్చి కొన్నేళ్లయింది. దానికి ముందు ఆవిడ ఆరేళ్లు హెచ్-4 (భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడి వచ్చే డిపెండెంట్ వీసా) మీద ఇంట్లోనే ఉన్నారు. పెద్దమ్మాయికి ఇరవై ఏళ్లు, స్టేట్ యూనివర్సిటీలో రెండో ఏడాది, డార్మ్‌లో ఉంటుంది. అబ్బాయి హైస్కూల్లో ఉన్నాడు. 2025లో పన్ను లెక్కకొచ్చే ఇంటి ఆదాయం 1,68,000 డాలర్లు. అమ్మాయికి ఏడాది ట్యూషన్ 11,600. అందులో 5,000 స్కాలర్‌షిప్ పోయింది. డార్మ్, మీల్ ప్లాన్ కలిపి 12,400 అయింది. పిల్లల చదువు కోసం దాచుకునే 529 ఖాతాలోంచి 9,000 తీశారు, మిగతాది జీతాల్లోంచి కట్టారు.

పోయిన వేసవిలో అమ్మాయి పది వారాలు ఇంటర్న్‌షిప్ చేసి 9,600 సంపాదించింది. ఫిబ్రవరిలో హాస్టల్ గదిలో కూర్చుని ఫోన్‌లోనే ట్యాక్స్ ఫైల్ చేసింది. 1,640 డాలర్ల రిఫండ్ వచ్చిందని నాన్నకు ఫోన్ చేసి సంబరంగా చెప్పింది. ఆ డబ్బుతో తమ్ముడికి హెడ్‌ఫోన్లు కొని పంపింది. మార్చిలో తండ్రి తమ రిటర్న్ పంపితే వెనక్కి వచ్చేసింది. కూతురు అప్పటికే తను ఎవరి మీదా ఆధారపడలేదని చూపించుకుంది కాబట్టి, ఆమెను డిపెండెంట్‌గా (తమ మీద ఆధారపడిన మనిషిగా) చూపించిన రిటర్న్‌ను తీసుకోలేదు. తండ్రి ఫోన్ చేసి, "మమ్మల్ని ఒక్క మాట అడగాలని కూడా తోచలేదా?" అన్నాడు. "నేను సంపాదించుకున్నాను, నేను ఎవరి డిపెండెంట్‌నీ కాను" అంది కూతురు. "అయితే వచ్చే సెమిస్టర్ ఫీజు కూడా నువ్వే కట్టుకో" అని ఫోన్ పెట్టేశాడు. స్ప్రింగ్ బ్రేక్‌కి ఆ పిల్ల ఇంటికి రాలేదు, స్నేహితురాలి ఇంటికి వెళ్లింది.

న్యూజెర్సీలో ఉన్న మరిది, "మీరూ క్లెయిమ్ చేసేయండి వదినా, ఎవరు చూస్తారు" అన్నాడట. గుడిలో కలిసే స్నేహితురాలు, "వెయ్యి డాలర్ల కోసం పిల్లతో పేచీ ఏంటి, వదిలేయండి" అందట. పోయినేడు ట్యాక్స్ చేసిపెట్టిన ఆయన, "మీ ఆదాయానికి చదువు క్రెడిట్లు ఏవీ రావు" అన్నాడట. హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పరీక్షలు రాసి తెచ్చుకున్న ఏపీ క్రెడిట్ల వల్ల కాలేజీ లెక్కలో అమ్మాయి అప్పుడే జూనియర్ (మూడో ఏడాది), కాబట్టి మనకసలు అర్హత పోయిందేమో అని భర్తకు ఇంకో అనుమానం. చివర్లో ఆవిడ అడిగినవి మూడే. అమ్మాయి చేసింది తప్పా? ఆయన అన్నది తప్పా? అసలు ఆ డబ్బు ఎవరిది?

*

అమ్మా, మీ మూడో ప్రశ్నతో మొదలుపెడతాను. అది తేలితే మొదటి రెండింట్లో సగం వాటంతట అవే తేలిపోతాయి.

ఆ 1,640 డాలర్లు ఒకే ముద్ద కాదు. మీరు పంపిన కాగితం ప్రకారం 640 డాలర్లు అమ్మాయి జీతంలో కంపెనీ కోసిన ఫెడరల్ పన్ను. అది పూర్తిగా ఆమె కష్టార్జితం, వెనక్కి రావాల్సిందే. మిగిలిన 1,000 వచ్చింది అమెరికన్ ఆపర్చ్యునిటీ క్రెడిట్ నుంచి. డిగ్రీ మొదటి నాలుగేళ్ల చదువుకి ఇచ్చే రాయితీ ఇది. ట్యూషన్‌లో మొదటి 2,000 డాలర్లకు మొత్తం, తర్వాతి 2,000కు పాతిక శాతం కలిపి ఒక్కో విద్యార్థికి ఏడాదికి 2,500 దాకా వస్తుంది. అందులో 40 శాతం, అంటే 1,000 వరకు, కట్టాల్సిన పన్నేమీ లేకపోయినా చేతికిస్తారు. మీ అమ్మాయికి వచ్చింది ఆ వెయ్యే.

ఆ వెయ్యి ఆమెకు రాకూడదు. మీకు హక్కు ఉంది కాబట్టి ఆమెకు లేదని కాదు. మీరసలు క్లెయిమ్ చేయకపోయినా రాదు. ఇరవై నాలుగేళ్లు నిండని ఫుల్‌టైమ్ విద్యార్థి, తల్లిదండ్రుల్లో ఒక్కరైనా ఉండి, తన సంపాదన తన పోషణలో సగానికి కూడా చాలకపోతే, ఆ చేతికిచ్చే భాగం ఇవ్వకూడదని నిబంధన. మీ అమ్మాయి 9,600 సంపాదించింది. ట్యూషన్, డార్మ్, ఇన్సూరెన్స్, ఫోన్, సెలవుల్లో ఇంటి తిండి అన్నీ కలిపి చూస్తే అది సగానికి రాదు.

మరి సాఫ్ట్‌వేర్ ఎలా ఇచ్చిందంటే, ఆ పిల్ల ఒక ప్రశ్నకు తప్పు జవాబు నొక్కింది. "నిన్ను ఇంకొకరు డిపెండెంట్‌గా చూపించుకోవచ్చా?" అని అది అడుగుతుంది. చూపించుకున్నారా అని అడగదు, చూపించుకునే వీలుందా అని అడుగుతుంది. ఈ తేడా గమనించక తప్పులో పడ్డ పిల్లల్ని ఏటా చూస్తూనే ఉన్నాను. పెద్దవాళ్లనూ చూశాను. మీ అమ్మాయి వయసు 24 లోపు, ఏడాదిలో ఐదు నెలలకు పైగా ఫుల్‌టైమ్ చదువు, తన పోషణలో సగానికి మించి తను ఖర్చు పెట్టుకోలేదు, పెళ్లి కాలేదు. డార్మ్‌లో ఉండటాన్ని తాత్కాలికంగా ఇంటికి దూరంగా ఉన్నట్టే లెక్కవేస్తారు, కాబట్టి మీ ఇంట్లో ఉన్నట్టే. స్కాలర్‌షిప్‌ని ఆమె సొంత ఖర్చు కింద లెక్కించరు. ఇంటర్న్‌షిప్ డబ్బులో బ్యాంకులో దాచుకున్నదీ లెక్కలోకి రాదు. కాబట్టి జవాబు "అవును" అనే నొక్కాలి.

ఇక్కడ మీ అమ్మాయికి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. "అవును" అని నొక్కినా ఆ 640 ఆమెకు వచ్చి ఉండేది. 2025కి డిపెండెంట్ అయిన విద్యార్థికి స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను పడకుండా తీసేసే మొత్తం) అంటే తన సంపాదనకు 450 కలిపితే వచ్చేది, పైన 15,750 పరిమితి. 9,600కు 450 కలిపితే 10,050. సంపాదన అంతకంటే తక్కువ కాబట్టి పన్ను సున్నా. మీ మీద ఆధారపడ్డానని ఒప్పుకున్నందుకు ఆమె జేబులోంచి ఒక్క డాలర్ కూడా పోదు.

అలాంటప్పుడు ఆ మాట ఆమెకు అంత ఎందుకు గుచ్చుకుందో మీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? ఆరేళ్లు హెచ్-4 మీద ఉన్నానని మీరే రాశారు. ఆ రోజుల్లో పార్టీల్లో ఎవరైనా "మీరు డిపెండెంట్ వీసానా?" అంటే ఎలా ఉండేదో గుర్తుచేసుకోండి. మాస్టర్స్ చదివిన ఆడవాళ్లు ఆ ఒక్క మాటతో గొంతు తగ్గించుకోవడం నేను చూశాను. మీ అమ్మాయి మొదటిసారి జీతం తీసుకుని, మొదటిసారి ఒక ప్రభుత్వ ఫారం నింపుతూ, అక్కడ తన పేరు పక్కన ఆ మాట చూసింది. వద్దనుకుంది. మోసం చేయాలన్న ఆలోచన నాకు అందులో కనబడలేదు. మోసం చేసే పిల్ల రిఫండ్ వచ్చిందని నాన్నకు ఫోన్ చేసి సంబరంగా చెప్పదు.

పన్ను కాగితం మీద ఆ మాటకు అర్థం ఒక్కటే: ఈ మనిషి ఖర్చుల్లో పెద్ద భాగం ఎవరి రిటర్న్‌లో లెక్కకొస్తుంది అన్నది. ఆ సంగతి ఆమెకు మీ నోటి నుంచి చేరితే మంచిది. మీవారి నోటి నుంచి కాదు, ఇప్పుడే కాదు.

ఇక మీ భార్యాభర్తల వైపు లెక్క. మీకు ఏమీ రాదని పోయినేడు ట్యాక్స్ చేసిపెట్టిన ఆయన అన్న మాట తప్పు. జంటగా ఫైల్ చేసేవాళ్లకి ఈ క్రెడిట్ 1,60,000 దాటినప్పటి నుంచి తగ్గుతూ 1,80,000 దగ్గర ఆగిపోతుంది. మధ్యలో ఉన్నవాళ్లకి ఆ నిష్పత్తిలో వస్తుంది. మీరు 1,68,000 దగ్గర ఉన్నారు, 1,80,000కి ఇంకా 12,000 దూరం. ఇరవై వేలలో పన్నెండు వేలంటే 60 శాతం. 2,500లో 60 శాతం 1,500 డాలర్లు. అమ్మాయిని డిపెండెంట్‌గా చూపించినందుకు వచ్చే 500 డాలర్ల క్రెడిట్ వేరే. మొత్తం 2,000. (2009లో ఈ క్రెడిట్ పెట్టినప్పుడు గీసిన గీతలే ఇప్పటికీ ఉన్నాయి. ధరలు పెరిగినా వాటిని జరపలేదు. అప్పట్లో ఇద్దరి జీతాలు కలిపి 1,60,000 అంటే పెద్ద మాట. ఇప్పుడు మీ వీధిలో సగం ఇళ్లు ఆ గీత మీదే నిలబడి ఉంటాయి.)

మీవారి ఏపీ క్రెడిట్ల అనుమానం మన పిల్లల ఇళ్లలో తరచూ వచ్చేదే. పన్నెండు ఏపీ పరీక్షలు రాసి, కాలేజీలో అడుగుపెట్టేసరికే సోఫోమోర్ (రెండో ఏడాది) అనిపించుకునే పిల్లలు మనవాళ్లలో తక్కువేం కాదు. ఈ క్రెడిట్ నాలుగేళ్ల చదువు పూర్తికాని విద్యార్థికి వర్తిస్తుంది. కేవలం పరీక్ష రాసి తెచ్చుకున్న క్రెడిట్లను ఆ నాలుగేళ్లలో కలపరు. కాలేజీ పోర్టల్‌లో ఆమె జూనియర్ అయినా మీకు ఇబ్బంది లేదు. అయితే ఒక విద్యార్థి పేరు మీద మొత్తం నాలుగు పన్ను సంవత్సరాలకే ఇస్తారని మరిచిపోకండి.

529 దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఒకే ఖర్చును రెండు చోట్ల చూపించకూడదు. ట్యూషన్ మీద 529 డబ్బు పెట్టానని ఒక చోట రాసి, అదే ట్యూషన్ మీద క్రెడిట్ అడగడం కుదరదు. మీ కేసులో దేవుడి దయవల్ల అంకెలు సరిపోయాయి. క్రెడిట్‌కి డార్మ్, తిండి ఖర్చు పనికిరావు, 529కి పనికొస్తాయి. మీరు తీసిన 9,000ని 12,400 డార్మ్, మీల్ ప్లాన్ ఖర్చు కింద పెట్టండి. ట్యూషన్ 11,600లో స్కాలర్‌షిప్ 5,000 తీసేస్తే 6,600 మిగులుతుంది. క్రెడిట్‌కి కావాల్సింది 4,000 మాత్రమే. పుస్తకాల బిల్లులు వెతకాల్సిన పని కూడా లేదు. 529 వాళ్లు పంపే 1099-క్యూ, డార్మ్ రసీదులు, కాలేజీ ఖాతా స్టేట్‌మెంట్ ఒకే ఫైల్లో పెట్టుకోండి. ఎప్పుడైనా అడిగితే చూపించడానికి అవే ఆధారం.

కట్టిన ఫీజు చూపిస్తూ కాలేజీ పంపే 1098-టీ ఫారం తన పేరు మీద వచ్చింది కాబట్టి క్రెడిట్ తనదే అని అమ్మాయి వాదన. ఫారం ఎప్పుడూ విద్యార్థి పేరు మీదే వస్తుంది, అందులో ఆమె తప్పులేదు. ఇరవై ఏళ్ల పిల్ల కాలేజీ రికార్డులు తల్లిదండ్రులు నేరుగా చూడలేరు కూడా. కానీ ఆమెను మీరు డిపెండెంట్‌గా చూపిస్తే క్రెడిట్ మీకే వెళ్తుంది. ఫీజులో కొంత ఆమె జేబులోంచి కట్టినా మీరు కట్టినట్టే లెక్క. ఫారంలో ఒకటో గడి కాలేజీకి చేరిన డబ్బు, ఐదో గడి స్కాలర్‌షిప్. స్ప్రింగ్ ఫీజు డిసెంబర్లో కట్టేస్తామని రాశారు కదా, అలాగే కొనసాగించండి. జనవరి నుంచి మార్చిలోపు మొదలయ్యే సెమిస్టర్‌కి ముందుగా కట్టింది కట్టిన ఏడాది ఖాతాలోకే వస్తుంది. 2024 ఆగస్టులో చేరిన పిల్ల 2028 మేలో బయటికొస్తే క్యాలెండర్ మీద ఐదేళ్లు కనబడతాయి. క్రెడిట్ మాత్రం నాలుగేళ్లకే. డిసెంబర్లో కట్టే అలవాటు వల్ల మీకు ఆ నాలుగేళ్లు సరిగ్గా సరిపోతున్నాయి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

అమ్మాయి తన రిటర్న్‌ను 1040-ఎక్స్ అనే సవరణ ఫారంతో దిద్ది, ఆ ప్రశ్నకు "అవును" అని మార్చి, 1,000 వెనక్కి కట్టడం ఒకటి. రిఫండ్ ఇప్పటికే వచ్చేసింది కాబట్టి సవరణ వెంటనే పంపవచ్చు, అదే సాఫ్ట్‌వేర్‌లో ఆన్‌లైన్లోనే అవుతుంది. ఏప్రిల్ 15లోపు డబ్బు కట్టేస్తే వడ్డీ బాధ ఉండదు. మీవైపు ఒక చిక్కుంది. ఆమె సవరించినంత మాత్రాన మీ రిటర్న్ ఆన్‌లైన్లో వెంటనే దూరిపోదు. ఐఆర్‌ఎస్ (ఫెడరల్ పన్ను శాఖ) 2025 ఫైలింగ్ సీజన్ నుంచి ఒక వెసులుబాటు ఇచ్చింది. డిపెండెంట్ పేరు ఇంకో రిటర్న్‌లో ఉన్నా, మీ రిటర్న్‌లో మొదటి పేరున్నవారు ఐపీ పిన్ (ఐఆర్‌ఎస్ ఇచ్చే రహస్య గుర్తింపు నంబర్) పెట్టి పంపితే ఈ-ఫైల్ తీసుకుంటోంది. ఆ పిన్ ఐఆర్‌ఎస్ ఆన్‌లైన్ ఖాతాలో తీసుకోవచ్చు. అదీ కుదరకపోతే కాగితం మీద సంతకాలు పెట్టి పోస్టులో పంపండి, ఆలస్యమైనా చెల్లుతుంది. కొన్ని నెలల తర్వాత మీకో, అమ్మాయికో "ఈ డిపెండెంట్ రెండు చోట్ల కనబడుతున్నారు" అని సీపీ87ఏ అనే నోటీసు రావచ్చు. సవరణ అప్పటికే పంపేసి ఉంటే దానికి బెదరక్కర్లేదు. టెక్సస్ కాబట్టి స్టేట్ ట్యాక్స్ గొడవ ఎలాగూ లేదు.

మీ గుడి స్నేహితురాలు చెప్పినట్టు వదిలేయడం రెండోది. ఆవిడ మంచి మనసుతోనే చెప్పారు. కానీ మీరు వదిలేసినా అమ్మాయి రిటర్న్ తప్పుగానే ఉంటుంది. ఆ వెయ్యి ఆమె పేరు మీద బాకీగానే ఉంటుంది. రెండేళ్ల తర్వాత ఉద్యోగంలో చేరిన కొత్తలో నోటీసు వస్తే వడ్డీతో కట్టాలి. నిర్లక్ష్యంగా క్లెయిమ్ చేశారని తేలిస్తే రెండేళ్లపాటు ఈ క్రెడిట్ అడగకుండా ఆపే అధికారం కూడా వాళ్లకుంది. మీవైపు 2,000 పోతాయి. ఇంత ఖర్చుపెట్టి కొనుక్కున్న ప్రశాంతత ఎన్నాళ్లుంటుందో నాకు అనుమానమే. మీవారు ఏటా ఏప్రిల్లో ఆ మాట ఎత్తుతారు.

మరిది చెప్పింది మాత్రం వద్దు. అమ్మాయి సవరించకుండా మీరు పిన్ పెట్టి పంపితే రిటర్న్ దూరుతుంది, ఆయనన్నట్టు ఆ రోజు ఎవరూ చూడరు. తర్వాత వచ్చే ఉత్తరం రెండు ఇళ్లకూ వస్తుంది, కాగితాలు చూపించమని అడుగుతారు. గెలిచేది మీరే. కానీ సొంత కూతురి రిటర్న్ తప్పని ప్రభుత్వానికి రుజువు చేసి గెలవాలి. మూడు వారాల మౌనానికే ఇంత ఉత్తరం రాసిన మీకు అది కావాలా?

మధ్యస్థంగా ఇంకో దారి కూడా కొందరు అడుగుతారు: మేము పిల్లను చూపించుకోం, క్రెడిట్ పిల్లకే వదిలేస్తాం అని. మీకు ఇందులో లాభం సున్నా, ఎందుకంటే అమ్మాయికి కొట్టేయడానికి పన్నే లేదు, చేతికిచ్చే భాగం రాదు. ఆదాయం 1,80,000 దాటిన ఇళ్లకి మాత్రం ఇది పనికిరావచ్చు. ఉదాహరణకు పిల్లాడు ఇంటర్న్‌షిప్‌లో 24,000 సంపాదించాడనుకోండి. 15,750 తీసేస్తే 8,250 మీద 10 శాతం, 825 డాలర్ల పన్ను. తల్లిదండ్రులు అతన్ని చూపించుకోకుండా వదిలేస్తే అతను ఆ క్రెడిట్‌తో 825 కొట్టేసుకోవచ్చు. వాళ్లు 500 వదులుకుంటారు, ఇంటికి 325 మిగులుతుంది. అప్పుడు కూడా ఆ పిల్లాడు "చూపించుకోవచ్చా" అన్న ప్రశ్నకు అవుననే నొక్కాలి.

మీరు అడగని రెండు విషయాలున్నాయి. నా దృష్టిలో ఉత్తరంలోని అసలు డబ్బు అక్కడే ఉంది.

పోయినేడు, అంటే 2024కి, మీ ఆదాయం 1,63,000 అని రాశారు. 529 ముట్టుకోలేదు, ట్యూషన్ అంతా జీతాల్లోంచే. ఫాల్ ఫీజు, డిసెంబర్లో కట్టిన స్ప్రింగ్ ఫీజు రెండూ ఆ ఏడాదివే. 1,80,000కి 17,000 దూరం, అంటే 85 శాతం. మీకు 2,125 డాలర్లు రావాల్సింది, ట్యాక్స్ చేసిపెట్టిన ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగకుండా "రాదు" అన్నారు. పోయిన డబ్బు కాదది. 2025 ఏప్రిల్లో ఫైల్ చేసిన రిటర్న్‌ను 2028 ఏప్రిల్ 15లోపు సవరించుకోవచ్చు. 1040-ఎక్స్‌కి చదువు క్రెడిట్ అడిగే 8863 ఫారం జతచేసి పంపాలి. కాలేజీ ఈఐఎన్ (పన్ను గుర్తింపు నంబర్) రాయాలి, అది 1098-టీలోనే ఉంటుంది. రెండు మూడు నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి.

రెండోది, మీవారి హెచ్‌ఎస్‌ఏ, అంటే వైద్య ఖర్చుల కోసం పన్ను పడకుండా దాచుకునే ఖాతా. ఏడాదంతా ఫ్యామిలీ కవరేజీతో హై డిడక్టిబుల్ ప్లాన్ (మొదట కొంత ఖర్చు మనమే పెట్టుకోవాల్సిన ఆరోగ్య బీమా) ఉందని, కంపెనీ ద్వారా 3,000 వేశారని రాశారు. 2025కి పరిమితి 8,550. మిగిలినదాన్ని ఏప్రిల్ 15 దాకా సొంతంగా, 2025 ఖాతా కిందనే అని చెప్పి వేసుకోవచ్చు. ఓ 4,000 వేశారనుకోండి, ఆదాయం 1,64,000కి దిగుతుంది. క్రెడిట్ 1,500 నుంచి 2,000కు పెరుగుతుంది. పైగా మీరున్న 22 శాతం స్లాబులో 880 పన్ను తగ్గుతుంది. మీ డబ్బు మీ ఖాతాలోనే ఉండి, 1,380 కలిసొస్తుంది. చేతిలో 4,000 మిగులు ఉంటేనే సుమా. దీనికోసం క్రెడిట్ కార్డు బాకీ పెంచుకోవద్దు. వెయ్యాలనుకుంటే మాత్రం మీ రిటర్న్ మళ్లీ పంపే ముందే వేసేయండి.

ఇది చదివే హెచ్-4 పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇన్నాళ్లూ పిల్లలకు ఐటిన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్ లేనివారికి ఇచ్చే పన్ను నంబర్) ఉన్నా ఈ క్రెడిట్ ఇచ్చేవాళ్లు, 2025 రిటర్న్ దాకా అంతే. 2025 జూలైలో వచ్చిన చట్టంతో 2026 పన్ను సంవత్సరం నుంచి క్లెయిమ్ చేసేవారికీ విద్యార్థికీ ఉద్యోగానికి పనికొచ్చే సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉండాలి. 2025 రిటర్న్‌కి అర్హత ఉంటే వదులుకోకండి. వచ్చే ఏడాది బడ్జెట్‌లో ఆ డబ్బు రాదనుకునే లెక్క వేసుకోండి.

ఇక మీ మొదటి రెండు ప్రశ్నలు. అమ్మాయి పొరపాటు చేసింది, సరిదిద్దుకోగల పొరపాటు. మీవారి ఫీజు మాట మాత్రం నాకు నచ్చలేదు. అడగలేదన్న బాధ న్యాయమైనదే. రెండేళ్లుగా ఫీజులు కడుతున్న మనిషికి, తన రిటర్న్ వెనక్కి తిప్పికొట్టడం సొంత పిల్లే వీధి తలుపు వేసుకున్నట్టు అనిపించి ఉంటుంది. కానీ చదువు ఫీజును బెదిరింపుగా వాడటం పిల్లలు మర్చిపోరు. అందులోనూ "నేను డిపెండెంట్‌ని కాను" అన్న పిల్లకు, "నీ చదువు నా చేతిలో ఉంది" అని చూపించినట్టయింది. ఆ ఒక్క వాక్యం వెనక్కి తీసుకోమని ఆయన్ని అడగండి. మొత్తం గొడవకి క్షమాపణ అక్కర్లేదు, ఆ వాక్యానికి చాలు. ఆయన ఒప్పుకోకపోతే, ఫీజు ఎప్పటిలాగే కడతామని మీరే ఫోన్ చేసి చెప్పండి. మీ జీతం కూడా అందులో ఉంది కదా.

ఆ తర్వాతే వెయ్యి డాలర్ల సంగతి. ఆమె దగ్గర ఆ డబ్బు మొత్తం ఉండకపోవచ్చు, హెడ్‌ఫోన్లకు కొంత పోయింది. మీ రిటర్న్ నుంచి వచ్చే క్రెడిట్‌లో కొంత ఆమెకివ్వాలా అన్నది మీ ఇంటి సంగతి. ఇవ్వమని చట్టం చెప్పదు, వద్దనీ అనదు. నేనైతే ఆమె కట్టాల్సిన వెయ్యిని మా క్రెడిట్‌లోంచే పెడతాను. చదువుతున్నది ఆమె కాబట్టే కదా అది వచ్చింది. మీవారికి ఇది ముద్దు చేయడంలా అనిపిస్తే సగం సగం అనండి. ఏదైనా సరే, ఆమె సవరణ పంపేలోపే చెప్పేయండి. డబ్బు ఎక్కడ్నుంచి తేవాలో తెలియక ఆ పిల్ల ఫారం తెరవడమే మానేస్తుంది.

మీ 2025 రిటర్న్ ఈ-ఫైల్‌కి మళ్లీ పంపే పని ఆమెకే ఇచ్చి చూడండి. ఐపీ పిన్, 8863, కాలేజీ ఈఐఎన్ ఎక్కడుంటాయో ఇప్పుడు మీ ఇంట్లో ఆమెకే బాగా తెలుసు. ఒక శనివారం వీడియో కాల్లో ఆయన అంకెలు చదివితే ఆమె నింపుతుంది. 2024 సవరణ కూడా ఆ కూర్చున్నప్పుడే అయిపోతుంది. దాని మీద సంతకాలు మాత్రం మీ ఇద్దరివే ఉండాలి.